వేరుకాపురం పెట్టిన అక్షరాల పెట్టె

గుంటూరు రైతు తన ఫోనులో ‘మిర్చి’ అనే మాట చదువుతాడు. అందులో ‘ర్చి’ సంగతి చూడండి. యంత్రం దాచుకొనేది ర, పొల్లు, చ, గుడి – వరుసగా నాలుగు. తెరమీద మాత్రం ‘చ’ వత్తయి క్రిందికి దిగాలి, గుడి ‘ర’ నెత్తి కెక్కాలి. ఇది తప్పితే తెలుగు తెలుగులా ఉండదు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ కూర్పు చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. లైబ్రరీ అంటే ఇక్కడ గ్రంథాలయం కాదు; ఏ ప్రోగ్రామయినా వాడుకోగల పనిముట్ల పెట్టె. దీని పుట్టిల్లు ఫ్రీటైప్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. పాంగో, క్యూటీ అనే రెండిళ్ళవారు దానిని తీసుకుపోయి ఎవరికివారు పెంచుకున్నారు. ఒక యింట దిద్దిన తప్పు రెండో యింట దానంతటది దిద్దుకోదు గదా! చివరకు రెండింటినీ కలిపి వేరుకాపురం పెట్టించారు. బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ముందుండి దానిని తిరగరాశాడు. 2015లో 1.0 వెలువడింది.

వేరుపడి చెడిందా? ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్ అన్నీ నేడు దీనినే వాడుతున్నాయి. ఏ ఒక్క యింటి సొత్తూ కాదు గనుక ఎవరైనా చేయి వేయవచ్చు. అయితే ‘మిర్చి’లో వత్తు తప్పితే ముందుగా పట్టుకోగలవాడు తెలుగువాడే. పెట్టె తెరిచే ఉంది. మనవారు చేయి వేయాలి.