రంగు పెన్సిలు - చేతి బరువు

రంగు పెన్సిలు బాలుర ఆటవస్తువని పలువురి తలంపు. అందుచేతనే పెద్దవయస్సున చిత్రలేఖనమునకు పూనుకొన్నవారు దానిని చులకనగా చేతబట్టి, గట్టిగా రుద్ది, గంటలోనే నిరాశ చెందుదురు. కాగితము మైనపు మెరుపుతో నిగనిగలాడునే గాని బొమ్మకు జీవము రాదు. ‘ఈ విద్య నా కబ్బదు’ అని పెట్టె మూసివేయుదురు. లోపము చేతియందు లేదు. అది మోపిన బరువునందున్నది.

సాధనముయొక్క స్వభావ మెరిగినచో ఈ మాట తేటపడును. నల్లపెన్సిలు లోపలి కడ్డీ గ్రాఫైటును, బంకమన్నును కలిపి బట్టీలో కాల్చినది. ఫ్రాన్సు దేశీయుడగు నికొలా జాక్ కోంతే ఈ పద్ధతికి 1795లో పేటెంటు పొందెను. రంగు పెన్సిలు కడ్డీని అట్లు కాల్చరు. రంగుపొడిని మైనముతో గాని నూనెతో గాని, తెల్లని మెత్తని మన్నుతోను, జిగురుతోను కలిపి కడ్డీలుగా తీసి ఆరబెట్టుదురు. కాగితముపై కంటి కానని మిట్టపల్లము లుండును. మొన తేలికగా తగిలినప్పుడు రంగు మిట్టలను మాత్రమే అంటును. పల్లములు తరువాతి రంగులకై నిలిచియుండును. మొదటి పూతలోనే అదిమినచో మిట్టలణగి, పల్లములు మైనముతో నిండి, పైరంగు జారిపోవును.

వంకాయనే తీసికొనవచ్చును. కొత్తవాడు ఊదా పెన్సిలుతో దానిని నింపి, నీడకై నలుపు పులుమును. తేలునది బొగ్గుముక్క! నిదానించి చూచినచో వెలుగు సోకినచోట తెల్లని మెరుపు, దాని చుట్టును నీలిచాయ, క్రింది అంచున బల్ల రంగుయొక్క ప్రతిఫలనము కనబడును. ఆ మెరుపును పిదప తెల్లపెన్సిలుతో తేలేరు. కాగితపు తెలుపునే మొదటినుండి కాపాడుకొనవలెను. పెన్సిలును మొనకు కొంత దూరముగా వదులుగా పట్టి, మొనను తరచు చెక్కుచు, లేతనీలము, దానిపై ఎరుపు, ఆపై ఊదా పలుచని పూతలుగా వేయవలెను. గీతలు కాయ గుండ్రదనము ననుసరించి వంగవలెను. నీడలో నలుపునకు బదులు ముదురునీలము, ముదురు గోధుమరంగు ఒకదానిపై నొకటి చేరినచో లోతు వచ్చును. గట్టిగా రుద్ది నునుపుచేయుట చిట్టచివరి పని.

బొమ్మ ముగిసిన కొన్నాళ్లకు ముదురురంగులపై బూడిదవంటి తెల్లని పొర కనబడవచ్చును. అది పైకి తేలిన మైనమే. మెత్తని గుడ్డతో తుడిచిన పోవును. ఊదా, గులాబి వన్నెలలో కొన్ని ఎండకు త్వరగా వెలిసిపోవును. వాడబోవు రంగును కాగితముపై పూసి, సగము మూసి, కొన్ని వారములు కిటికీకడ నుంచినచో దాని నిలుకడ తెలియును.

అభ్యాసమునకు పెద్ద పెట్టె అవసరములేదు. ఒకే పెన్సిలుతో, ముదురునుండి తెలుపువరకు, నాలుగంగుళముల పట్టీ ప్రతిదినము వేసిన చాలును. రంగు ఎక్కడ ముగిసినదో, కాగితపు తెలుపు ఎక్కడ మొదలైనదో కంటికి తెలియరానినాడు చేయి కుదిరినట్లే.