మీకు తెలుసా? కార్నర్‌బ్యాక్‌ల కార్ఖానా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ ప్రత్యర్థి రిసీవర్‌ను నీడలా వెంటాడి, బంతి చేతికి చిక్కకుండా చూడాలి. అవతలివాడు ఎటు మళ్లుతాడో తెలియదు. వెనక్కి పరుగెడుతూనే, ఒక్క అడుగులో నడుము తిప్పి దిశ మార్చాలి. మైదానంలో ఇంత కష్టమైన పని మరొకటి ఉండదనిపిస్తుంది.

ఇందులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)ది పెద్ద పేరు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఇక్కడి నుంచి 2011లో ప్యాట్రిక్ పీటర్సన్ 5వ ఎంపిక, మరుసటి ఏడాది మోరిస్ క్లెయిబోర్న్ 6వ ఎంపిక. 2022లో డెరెక్ స్టింగ్లీ జూనియర్‌ను హ్యూస్టన్ టెక్సన్స్ 3వ ఎంపికగా తీసుకుంది. పాదం గాయంతో అంతకుముందు సీజన్‌లో అతను ఆడింది మూడే మ్యాచ్‌లు! అయినా 2019లో, కాలేజీలో అడుగుపెట్టిన ఏడాదే ప్రత్యర్థి పాస్‌లను మధ్యలోనే అందుకుని సాధించిన 6 ఇంటర్‌సెప్షన్లను ఎవరూ మరిచిపోలేదు.

హైస్కూలు కుర్రాళ్లను చేర్చుకోవడానికి ఇళ్లకు వెళ్లే కోచ్‌లకు ఇలాంటి పేర్లే పెట్టుబడి. పీటర్సన్, తర్వాత స్టింగ్లీ తొడిగిన 7వ నంబరు జెర్సీకి ఎల్‌ఎస్‌యూలో ప్రత్యేక గౌరవం ఉంది; అది దక్కాలన్న ఆశ కుర్రాళ్లకు బలమైన ఆకర్షణే.

అయితే కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవారిలో నూటికి ఇద్దరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరరు.