జూమ్ చేస్తే నేల కనిపించదు!

హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు. అక్కడి ఇక్రిశాట్ క్యాంపస్‌లో ఒకే కంచె లోపల రెండు లోకాలు ఉంటాయి. ఓ వైపు ఎర్ర నేల, ఇంకో వైపు నల్లరేగడి. మనుషులకు ఇంటిపేరు ఉన్నట్టే నేలల శాస్త్రంలో వీటికీ పేర్లున్నాయి. ఎర్రదాని పేరు 'పటాన్‌చెరు', నల్లదాని పేరు 'కాసిరెడ్డిపల్లి'. రెండూ ఊళ్ల పేర్లే. ఇలాంటి ఒక్కో నేల రకాన్ని 'సిరీస్' అంటారు.

రెండింటి మీదా పడేది ఒకే వాన. కానీ లోతైన రేగడి ఆ నీళ్లను దాచుకుంటుంది. వానలు వెళ్లిపోయాక కూడా ఆ తేమతోనే శనగ పండించుకోవచ్చు. ఎర్ర చెలకకు అంత ఓపిక లేదు. రెండు వారాలు వాన మొహం చాటేస్తే చాలు, పైరు వాడిపోతుంది. చెలకలో పత్తి పెట్టి, అప్పు చేసి తెచ్చిన పెట్టుబడి పోగొట్టుకున్న రైతుకు ఈ తేడా బాగా తెలుసు. ఒక నేల ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో చూపించడమే నేల మ్యాప్ పని.

మరి మంచి మ్యాప్‌ని పోల్చుకోవడం ఎలా? ముందు దాని స్కేలు చూడాలి. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే జాతీయ నేలల సర్వే సంస్థ రాష్ట్రాలకు 1:2,50,000 స్కేలులో మ్యాప్‌లు తయారుచేసింది. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద రెండున్నర కిలోమీటర్లు. స్పష్టంగా గీయగలిగే అతి చిన్న ముక్క 0.4 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, అది పొలాల్లో 250 హెక్టార్లు. అంటే 600 ఎకరాలు దాటుతుంది! రాష్ట్రం మొత్తానికి ప్రణాళిక వేసుకోవడానికి అది బంగారం లాంటి మ్యాపే. మీ మూడెకరాల గురించి మాత్రం దాన్ని అడగొద్దు. అదే 1:10,000 మ్యాప్ అయితే ఆ ముక్క దాదాపు ఎకరం.

ఫోన్లో చిక్కు ఇక్కడే వస్తుంది. రెండు వేళ్లతో లాగితే ఏ మ్యాపైనా పెద్దదవుతుంది. రంగులు మన చేను గట్టు దాకా వచ్చేస్తాయి. కానీ కొత్త సమాచారం ఒక్క చుక్క కూడా రాదు. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే సాయిల్‌గ్రిడ్స్‌లో ఒక్కో గడి 250 మీటర్లు. పదిహేను ఎకరాలకు పైగా నేలకు ఒకే అంకె అన్నమాట. అదీ కంప్యూటర్ వేసిన అంచనా.

ఉపగ్రహం ఉంది కదా అంటారా? అది పైపైన చూస్తుంది. అసలు కథ కింద ఉంటుంది. అందుకే సర్వే బృందాలు ఇప్పటికీ మనిషి లోతు గుంత తవ్వి, లోపలికి దిగి పొరలు లెక్కపెడతాయి. మట్టిని తడిపి వేళ్ల మధ్య రిబ్బన్‌లా నొక్కి చూస్తే బంకమన్ను ఎంతుందో పట్టేయొచ్చు. రంగుకైతే మన్సెల్ చార్టు ఉంది, చీరకి మ్యాచింగ్ బ్లౌజ్ వెతికినట్టు మట్టి గడ్డను పక్కన పెట్టి పోల్చడమే. అలాంటి గుంతలు ఎన్ని తవ్వారో, ఎక్కడ తవ్వారో చెప్పని మ్యాప్‌ని నేనైతే నమ్మను.

'మాకు సాయిల్ హెల్త్ కార్డు ఉందిగా' అనేవాళ్లూ ఉంటారు. 2015లో మొదలైన ఆ కార్డు పన్నెండు అంశాలు చెబుతుంది: నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక వగైరా. ఎరువుల లెక్కకు అది కావాల్సిందే. కానీ రాయి ఎన్ని అడుగుల్లో తగులుతుందో ఆ పన్నెండులో లేదు. పత్తా, కందా, బత్తాయి తోటా అని తేల్చుకోవాలంటే ముందు ఆ లోతే తెలియాలి.

ఇంకో సంగతి. మ్యాప్‌లో గీత సన్నగా, ఖచ్చితంగా ఉంటుంది. పొలంలో మాత్రం ఎరుపు నెమ్మదిగా నలుపులోకి జారుతుంది. కాబట్టి నిజాయితీ గల మ్యాప్ 'ఇదంతా ఒకటే నేల' అని దబాయించదు. ఈ ముక్కలో ఎక్కువ భాగం ఫలానా రకం, మధ్యమధ్యలో వేరే రకాలూ తగులుతాయి అని వెంట వచ్చే నివేదికలో ఒప్పుకుంటుంది. ఆ నివేదిక లేకపోతే చేతిలో మిగిలేది రంగుల బొమ్మే.

సర్వేకి వచ్చినవాళ్లు ముందు ఊళ్లో పెద్దవాళ్లతో ఓ గంట కూర్చుంటే పని సగం తేలికవుతుంది. చెలక, దుబ్బ, రేగడి, చౌడు అని వాళ్లు ఎప్పుడో విడదీసి పెట్టుకున్నారు. ఏ మడిలో నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ నాగలికి సున్నపు రాళ్లు తగులుతాయో వాళ్లకి తెలుసు. మొదటి గుంత ఎక్కడ తవ్వాలో వాళ్లే చూపిస్తారు.