జీతములేని వేయిమంది

ఊరుమ్మడి పనులను గూర్చి మన పెద్దలకు తెలిసినంతగా మనకు తెలియదు. చెరువు పూడిక తీయవలసివచ్చినపుడు ఇంటికొక మనిషి పార పట్టుకొని వచ్చెడివాడు. ఎవరు ఎంతమేర త్రవ్వవలెనో పెద్దమనుష్యులు గట్టుమీద నిలుచుండి నిర్ణయించెడివారు. రానివాని ఇల్లెక్కడనో అందరికిని తెలియును గనుక రానివారు బహు తక్కువ. ఇపుడు వేరొక విధమైన ఊరుమ్మడి పనిని ఊహింపుడు. పనివారు సుమారు వేయిమంది. పలు ఖండములలో చెదరియున్నారు. పెక్కుమంది ఒకరి ముఖమొకరు చూచి యెరుగరు. వారికి జీతము లేదు. ఒకనాడు పని మానివేసినచో, ఏలమానితివని నిలదీయు అధికారియు లేడు. ఇట్టివారు ఒక పెద్ద కట్టడమును 30 ఏండ్లకు పైగా నిలబెట్టగలుగుదురా? నిలబెట్టినారు. దాని పేరు డెబియన్.

కంప్యూటరు పెట్టెను కొన్నంత మాత్రమున అది పని చేయదు. దానిని మేల్కొలిపి, తెరను, మీటలను, జ్ఞాపకశక్తిని నడిపించుటకు ఒక మూలవ్యవస్థ కావలెను. దానినే ఆపరేటింగ్ సిస్టమందురు. దానిపైన ఉత్తరములు వ్రాయుటకు, లెక్కలు కట్టుటకు, పాటలు వినుటకు వేరువేరు ప్రోగ్రాములుండవలెను. ఇవియన్నియు కలిసి సాఫ్ట్‌వేరు. కంపెనీలు అమ్ము సాఫ్ట్‌వేరులో పెక్కింటికి లోపలి రచన రహస్యము. అట్లుగాక, వండిన పదార్థముతోబాటు వండిన విధానమునుగూడ చేతికిచ్చి, మార్చుకొమ్మనియు, ఇరుగుపొరుగుల కిమ్మనియు చెప్పు పద్ధతి యొకటి కలదు. డెబియన్ ఆ పద్ధతికి చెందినది. ఉబుంటు అను ప్రసిద్ధ వ్యవస్థ 2004 నుండి దీనిని ఆధారము చేసికొని నడచుచున్నది. 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందలి కొన్ని కంప్యూటర్లలోనికిగూడ డెబియన్ ప్రవేశించినది.

దీనిని ఆరంభించినవాడు ఇయన్ మర్డాక్. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న 20 ఏండ్ల విద్యార్థి. 1993 ఆగస్టు 16వ తేదీన తన సంకల్పమును ప్రకటించెను. తన పేరును, తన ప్రియురాలగు డెబ్రా పేరును కలిపి ఆ పేరు పెట్టెను. ఆ కాలమున ఇట్టి వ్యవస్థలను ఒక్కరో ఇద్దరో కూర్చుచుండిరి. వారి తీరికనుబట్టి అవి బాగుపడుటయో పాడగుటయో జరుగుచుండెను. మర్డాక్ ఆలోచన వేరు. పనిని చిన్న చిన్న భాగములుగా విడగొట్టి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్కరికి అప్పగించినచో అందరును కలిసి పెద్ద పని చేయవచ్చునని అతడు తలచెను. ఆ భాగమునకే ప్యాకేజి అని పేరు. దానిని కనిపెట్టుకొనియుండువానిని సంరక్షకుడందము.

ఈ యేర్పాటులోని బలమేమనగా, పనిచేయువాడు ఎవరి అనుమతికొరకును ఎదురుచూడనక్కరలేదు. తన ప్యాకేజికి తానే రాజు. మొత్తమునకు ఉమ్మడి నియమములు కొన్ని వ్రాసియుంచినారు: ఏ వస్తువును ఏ అరలో పెట్టవలెను, ఏది యుండినగాని ఏది పనిచేయదో యెట్లు తెలుపవలెను, ఇత్యాదులు. ఆ నియమములకు లోబడినంతవరకు ఒకరితో నొకరికి మాటలు లేకున్నను ముక్కలన్నియు ఒకదానితో నొకటి అతుకును. 1996 జూనులో 474 ప్యాకేజీలుండెను. ఆ డిసెంబరునాటికి 848. పనివారు 120 మంది. 1998 జూలైలో ప్యాకేజీలు 1500 దాటెను, పనివారు 400 మించిరి. 2023 జూనునాటికి 64,000కు పైబడెను. సమావేశములు పెట్టి, అందరిని అడిగి చేయవలసియుండినచో ఇంత పెరుగుదల కలుగునని నేను నమ్మను.

రాజులున్నచోట రాజ్యము లేకుండ పోవుటయు కలదు. సంరక్షకునకు పెండ్లియైనది, ఉద్యోగము మారినది, ఆరోగ్యము చెడినది, లేదా ఆసక్తియే తీరిపోయినది. జీతగాడైనచో రాజీనామా ఇచ్చిపోవును. స్వచ్ఛంద సేవకుడు రాజీనామా ఈయడు, మెల్లగా మాయమగును. రేపు చేసెదనని తానును నిజముగానే అనుకొనుచుండును. అతని ప్యాకేజిలో దోషములు పేరుకొనుచుండును. ఇంకొకరు ముట్టుకొనుటకు సంకోచింతురు. స్వచ్ఛంద సంస్థలన్నిటికిని ఇదియే అసలు వ్యాధియని నా అభిప్రాయము. పనిచేయనివానికంటె, చేసెదనని స్థలము నాక్రమించినవాడు ఎక్కువ నష్టము కలిగించును.

దీనికి డెబియన్ వారు కనిపెట్టిన మందులు చూడదగినవి. సంరక్షకుడు తానై వదలుకొన్న ప్యాకేజీలకు అనాథల పట్టిక యొకటి కలదు. దానిని చూచి ఎవరైన దత్తత తీసికొనవచ్చును. సహాయకుడు కావలెనని తెలుపుట కింకొక పట్టిక. తీవ్రమైన దోషమున్నపుడు, ముందుగా తెలిపి, కొన్ని దినములు గడువిచ్చి, సంరక్షకుడు కానివాడుగూడ దానిని సరిచేయవచ్చును. ఐతే ఆ దోషమును మాత్రమే సరిచేయవలెనుగాని ఇల్లంతయు తన యిష్టానుసారము సర్దరాదు. కనబడకుండ పోయినవారికి మర్యాదగా ఉత్తరములు వ్రాసి, బదులు రానిచో వారి ప్యాకేజీలను విడిపించుటకు ప్రత్యేకముగా ఒక బృందమే కలదు. సిగ్గుపడకుండ తప్పుకొనుటకు దారి యుండుట ఇందలి మేలు.

ఒంటరి రాచరికమున ఇంకొక ప్రమాదము కలదు. 2006లో ఒక సంరక్షకుడు, రహస్య సందేశములకు తాళపుచెవులను తయారుచేయు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను ప్యాకేజిలో, పరీక్షచేయు పరికరమేదో హెచ్చరించినదని రెండు పంక్తులను పనిచేయకుండ చేసెను. దురుద్దేశ మేమియు లేదు. ఇట్లు చేయవచ్చునా యని బయటి నిపుణులను అడిగియు నుండెను. కాని ఆ పంక్తులతోబాటు యాదృచ్ఛికత యంతయు పోయినది. లెక్కపెట్ట శక్యముకానన్ని విధములుగా ఉండవలసిన తాళపుచెవులు ఒక్కొక్క రకమునకు 32,768 మాత్రమే యయ్యెను. అవియన్నియు ముందే చేసిపెట్టుకొన్న దొంగకు తలుపు తెరచుట ఎంతసేపు? రెండేండ్లవరకు ఎవరును గమనింపలేదు. 2008 మే నెలలో డెబియన్ సభ్యుడే యొకడు కనిపెట్టగా, ఆ సంస్థ లోకమునకంతటికి చాటి, తాళపుచెవులను మార్చుకొనుడని కోరినది. దోషములను దాచబోమని 1997లోనే వారు తమ సామాజిక ఒడంబడికలో వ్రాసికొనియుండిరి. ఆ మాటకు ఇది కఠిన పరీక్ష. ముఖ్యమైన ప్యాకేజీల కొక్కరుగాక బృందముండుట నేడు డెబియన్‌లో సామాన్యము. బృందమున్నంతమాత్రమున తప్పులు తప్పవుగాని, రెండవ కన్ను ఉండును.

ఇక ప్రవేశమును గూర్చి. మొదట అడిగినవారినందరిని చేర్చుకొనుచుండిరి. వందలు దాటినపిదప, ఎవరో తెలియనివాడు పెట్టిన ప్రోగ్రాము లక్షల యిండ్లలోనికి పోవుచున్నదను భయము కలిగెను. 1999లో క్రొత్తవారికి తలుపు మూసివేసి, 2000లో క్రొత్త పద్ధతితో తెరచిరి. దాని ప్రకారము అభ్యర్థిని ఒక పాతసభ్యుడు సిఫారసు చేయవలెను. సంస్థ ఆశయములను, పనివిధానమును గూర్చిన ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను; చేసిన పనిని చూపవలెను. అన్నిటికంటె విచిత్రమైనది గుర్తింపు. ప్రతి సభ్యునకు ఒక కంప్యూటరు ముద్ర కలదు. ఆ ముద్ర లేని ప్యాకేజి భాండారమున చేరదు. ఆ ముద్ర నిజముగా ఆ మనిషిదేయని వేరొక సభ్యుడు ముఖాముఖిగా కలిసికొని, పాస్‌పోర్టువంటి పత్రమును చూచి, కాగితముమీది అంకెలను సరిచూచి సాక్ష్యము పలుకవలెను. ఇంటర్నెట్టుమీద పుట్టి పెరిగిన సంస్థకు తుదకు మనిషి యెదుట మనిషి నిలువక తప్పలేదు! 2000లో ఫ్రాన్సులోని బోర్డోలో ఆరంభమైన వారి మహాసభలలో ఇట్టి సాక్ష్యములకు ప్రత్యేకముగా సమయము కేటాయించుట పరిపాటి. 2023 సెప్టెంబరులో ఆ సభ మన దేశమున, కొచ్చిలో, జరిగినది.

తలుపు గట్టిదైనకొలది బయట నిలిచినవారి వరుస పొడుగగును. కొందరు నెలలుకాదు, ఏండ్లే వేచియుండిరి. అందువలన 2007లో ఓటుద్వారా మధ్యమెట్టు నొకదానిని ఏర్పరచిరి: పూర్తి సభ్యత్వము లేకున్నను తన ప్యాకేజిని మాత్రము తానే పంపుకొను హక్కు. 2010లో, ప్యాకేజీలు చేయక అనువాదములు, పత్రరచన, చిత్రలేఖనము చేయువారును పూర్తి సభ్యులు కావచ్చునని తీర్మానించిరి. ఇది పదునేడేండ్లు ఆలస్యముగా జరిగినదనియే చెప్పవలెను.

ఇంతమందిని ఏలు రాజ్యాంగము 1998 డిసెంబరులో ఆమోదింపబడినది. అందలి ఒక నిబంధనను నేను మరల మరల చదివితిని. దాని సారాంశమేమనగా, ఈ రాజ్యాంగమువలన ఎవనికిని పనిచేయవలసిన బాధ్యత కలుగదు. అప్పగించిన పని ఇష్టములేనివాడు చేయనక్కరలేదు. కాని సక్రమముగా జరిగిన నిర్ణయములకు వ్యతిరేకముగా పనిచేయరాదు. జీతములేని కొలువునకు ఇంతకంటె నిజమైన చట్టము వ్రాయుట కష్టము. నాయకుని ఏటేట ఎన్నుకొందురు. ఓటరు అభ్యర్థులను తన యిష్టము వరుసలో పేర్చును. వీరిలో ఎవరును వద్దను పేరుగూడ ఆ వరుసలో నుండును. నాయకుడు పనులను ప్రతినిధులకు అప్పగింపవచ్చును గాని, ప్రతినిధి ఒకసారి చేసిన నిర్ణయమును తాను త్రోసిపుచ్చరాదు. సభ్యులందరు కలిసి ఓటువేసి త్రోసిపుచ్చవచ్చును. అట్టి ప్రతిపాదనకు ఐదుగురు బలపరచువారు చాలును. సభ్యులు వేయిమంది యైనచో, దానిని కోరు ఓట్లు సుమారు 48 ఉండవలెను. సభ్యుల సంఖ్యయొక్క వర్గమూలములో సగమును తీసి, దానిని మూడింతలు చేసిన లెక్క యిది. సంఖ్య పెరిగినంత వేగముగా ఓపిక పెరుగదని ఎరిగినవారు వేసిన లెక్క!

రాజ్యాంగమున్నంతమాత్రమున కలహములు తప్పలేదు. 2002 జూలైలో ఒక కూర్పును విడుదల చేసిన పిదప తరువాతి కూర్పు 2005 జూనువరకు రాలేదు. ఆ ఆలస్యము మరల కలుగకుండుటకై 2006లో కొందరు విరాళములు ప్రోగుచేసి, విడుదలను పర్యవేక్షించు ఇద్దరికి తలా ఒక నెల జీతమిచ్చి, డిసెంబరునాటికి ముగింప దలచిరి. ఉద్దేశము మంచిదే. కాని, ప్రక్కవానికి డబ్బు ముట్టుచున్నపుడు నేనేల ఊరక చేయవలెనను ప్రశ్న బయలుదేరెను. కొందరు తమ పనిని తగ్గించుకొనిరి. నాయకుని తొలగింపవలెనని ఓటుగూడ జరిగినది, అది నెగ్గలేదు. ఆ కూర్పు 2007 ఏప్రిలులోగాని వెలువడలేదు. తరువాతి కాలమున డబ్బుకంటె గడువులు ఎక్కువ ఫలించినవి. క్రొత్త మార్పులకు తలుపు మూయు దినమును చాల ముందుగా ప్రకటింతురు. విడుదల మాత్రము తీవ్రదోషములు తీరినపుడే. 2007 నుండి 2025 వరకు రెండేండ్లకొకసారి కూర్పు తప్పక వచ్చుచున్నది.

2014లో ఇంకొక తగవు పుట్టెను. కంప్యూటరు మేల్కొనగానే తక్కిన ప్రోగ్రాములను నడిపించు మొట్టమొదటి ప్రోగ్రామేది కావలెనని. ఎనిమిదిమంది సాంకేతిక సంఘమున ఓట్లు సమానముగా చీలగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో సిస్టండీ అనునది గెలిచెను. కోపతాపములు చల్లారలేదు. నవంబరులో సభ్యులందరి యెదుట పలు ప్రతిపాదనలు పెట్టగా, నెగ్గినదేదియో తెలియునా? ఈ విషయమున తీర్మానమే అక్కరలేదను ప్రతిపాదన. అలసిన కుటుంబములోని పెద్దకోడలు చెప్పు మాటవలె నున్నది. అప్పటికే చాలకాలము పనిచేసిన కొందరు తప్పుకొనిరి. మరికొందరు వేరుపడి డెవువాన్ అను వ్యవస్థను స్థాపించిరి. ఇక్కడి వేరుకాపురములో ఒక సౌకర్యము కలదు: మూలరచన బహిరంగము గనుక, పంచుకొనకయే ఉభయులకును ఇల్లు మొత్తము దక్కును.

కంప్యూటరున్న ఇండ్లవారికి ఈ వ్యవస్థలో పాలుగొనుటకు సభ్యత్వము అక్కరలేదు. దోషములను తెలుపు పుస్తకము అందరికిని తెరచియున్నది. ఎవరు ఏమి వ్రాసిరో ఎవరైన చదువవచ్చును. ఒక ఈ-మెయిలు చాలును. అందులో ఏ ప్యాకేజి, దాని ఏ సంఖ్య కూర్పు, తాము ఏమి చేయగా ఏమి జరిగినది, ఏమి జరుగవలెననుకొనిరి, అను నాలుగు విషయములు వ్రాయవలెను. ఉత్తరము చేరగానే ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్యను దాచియుంచుకొన్నయెడల సంరక్షకుడు తరువాత అడుగు ప్రశ్నలకు బదులు వ్రాయుట సులభమగును.