రోజీ లేని రీలు: పాత సినిమాలను ప్రేమించడం ఎలా?

మూకీ సినిమాలంటే మాకు ప్రాణం. నలుపు తెలుపు బొమ్మ, శబ్దం లేకుండా కదిలే పెదవులు, మధ్యమధ్యలో తెర నిండా వచ్చే అక్షరాలు... వీటి కోసం నిద్ర మానుకున్న రాత్రులు మాకు చాలా ఉన్నాయి. ఈ పిచ్చి చూసి మనవాళ్లే ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఆ సినిమాల్లో మనం ఎక్కడున్నాం? రాజులు, దేవుళ్లు, జమీందార్లు. వాటిని చూసి మనం సంబరపడేది ఏముంది?"

న్యాయమైన ప్రశ్నే. అయితే మనవాళ్లు ఆ సినిమాల్లో అసలు లేకపోవడం వేరు, ఉన్నవాళ్లను తరిమికొట్టడం వేరు. రెండోది కూడా జరిగింది. ఆ సంగతి బయటికి వచ్చింది కూడా పాత సినిమాలంటే ఇష్టం ఉన్నవాళ్లు వెతకబట్టే. అందుకే మూకీలను ఎలా చూడాలో, చూస్తూ ఏం వెతకాలో మాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతున్నాం.

మూకీ ఆటలో మౌనం లేదు

మూకీ అంటే నిశ్శబ్దంగా కూర్చుని చూసేది అనుకుంటారు. బొమ్మకు మాటలు లేవు కానీ హాల్లో మోతకు లోటు లేదు. తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవాళ్లు ఉండేవారు. తెర మీద అక్షరాలు వచ్చినప్పుడు చదువు వచ్చినవాళ్లు పైకి చదివితే, రానివాళ్లు విని కథ అందుకునేవారు. చదువుకు దూరంగా ఉంచిన కులాలకు పుస్తకం అందలేదు, పత్రిక అందలేదు. బొమ్మ మాత్రం అందింది. ముఖం చూసి కథ అర్థం చేసుకోవడానికి బడికి వెళ్లాల్సిన పని లేదు.

చూసేముందు తెలుసుకోవాల్సిన చిన్న సంగతి ఒకటుంది. అప్పటి కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 20 ఫ్రేములు పడేవి. టాకీలు వచ్చాక ఆ లెక్క 24 దగ్గర స్థిరపడింది. పాత రీలును 24 వేగంతో నడిపితే మనుషులు గబగబా గెంతుతున్నట్టు కనిపిస్తారు. దాన్ని చూసి ఆ కాలపు నటన అంతే అనుకోకండి. వేగం సరిచేసిన ప్రతి దొరికితే అదే మనిషి మన పక్కింటి మనిషిలా నడుస్తాడు.

మొదటిసారి చూసేవాళ్లకు మేం చాప్లిన్ 'ది ఇమిగ్రెంట్' చూపిస్తాం. 1917లో వచ్చింది, అరగంటలోపే అయిపోతుంది. ఓడలో అమెరికా చేరిన పేదలకు దూరంగా స్వేచ్ఛా విగ్రహం కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే అధికారులు తాడు అడ్డంగా లాగి వాళ్లను మందలా ఒక మూలకు నెడతారు. చాప్లిన్ ఆ అధికారిని వెనక నుంచి ఒక్క తన్ను తంతాడు. ఒకసారి మా వాడలోని అంబేడ్కర్ భవనంలో గోడకు తెల్ల దుప్పటి కట్టి ఈ సినిమా వేశాం. డప్పు కొట్టే అన్న ఒకాయన తెర పక్కన కూర్చున్నాడు. ఆ తన్ను దగ్గర ఆయన వేసిన దెబ్బకు పిల్లలు కేకలు పెట్టి, మళ్లీ వెయ్యమని గోల చేశారు. ఆ తాడు ఏమిటో, ఆ తన్ను ఎందుకో ఎవరూ ఎవరికీ వివరించలేదు.

మన దేశపు మూకీల్లోనూ ఇలాంటి ఆనందాలు ఉన్నాయి. ఫాల్కే 1919లో తీసిన 'కాళియ మర్దన్'లో చిన్ని కృష్ణుడు ఆయన కూతురు మందాకిని. కథ మొదలుకాక ముందే ఆ పాప కెమెరా ముందు నవ్వు, కోపం, ఏడుపు ఒకదాని వెంట ఒకటి చేసి చూపిస్తుంది. వందేళ్లు దాటినా ఆ ముఖం పాతబడలేదు. 1913 నాటి 'రాజా హరిశ్చంద్ర'లో తారామతి వేషం వేసింది సాలుంకే అనే మగ నటుడు. ఆడవాళ్లు సినిమాలో నటించడం పరువు తక్కువ అనుకున్న రోజులవి. హరిశ్చంద్ర కథ అనగానే తెలుగువాళ్లకు కాటి సీను గుర్తొస్తుంది. నాటకంలో ఆ సీనుకు ప్రాణం పోసినవి గుర్రం జాషువా పద్యాలు. అంటరానివాడని అవమానాలు పడ్డ కవి పద్యాలకు అన్ని కులాల ప్రేక్షకులూ వన్స్‌మోర్ కొట్టారు.

మిగిలింది ఎంత? మిగిలింది ఎవరు?

మన దేశంలో 1,300కు పైగా మూకీ సినిమాలు తయారయ్యాయి. ఇప్పుడు మిగిలినవి ముప్పై లోపే, వాటిలోనూ చాలావరకు ముక్కలే. 'రాజా హరిశ్చంద్ర' నాలుగు రీళ్లలో మొదటిదీ చివరిదీ మాత్రమే పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. రఘుపతి వెంకయ్య కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'తో తెలుగువాళ్ల సినిమా చరిత్ర మొదలవుతుందని చెప్పుకుంటాం. అదీ పోయింది.

ఇంతగా పోవడానికి మొదటి కారణం ఆ ఫిల్మే. నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. వేడిలో, తేమలో ఉంటే జిగురుగా మారి చివరికి పొడి అయిపోతుంది. ఆట అయిపోయిన రీళ్లను వాటిలోని వెండి కోసం కరిగించి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. మన దేశంలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే మూకీల కాలం ముగిసి ముప్పై ఏళ్లు.

దక్షిణాది మూకీ కథాచిత్రాల్లో ఇప్పటికీ దాదాపు పూర్తిగా చూడగలిగింది 1933 నాటి 'మార్తాండవర్మ'. అది బతకడం వెనక ఒక కోర్టు కేసు ఉంది. సినిమాకు ఆధారమైన నవల హక్కుల మీద తగాదా వచ్చి, ప్రింటు తిరువనంతపురంలోని పుస్తక ప్రచురణ సంస్థకు చేరింది. 1974లో ఆర్కైవ్ దాన్ని అక్కడి నుంచి తెచ్చుకుంది. ఆ సినిమాలో తిరువాన్కూరు మహారాజు అసలు ఊరేగింపు దృశ్యాలు కూడా ఉన్నాయి. అంటే మలయాళ మూకీల్లో రాజుగారి ఊరేగింపును మనం ఈ రోజుకీ చూడవచ్చు. అదే ఊళ్లో, అంతకు కొన్నేళ్ల ముందే తెర మీదికి వచ్చిన ఒక దళిత స్త్రీని మాత్రం చూడలేం.

ఆమె పేరు పి.కె. రోజీ

మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్'. అంటే తప్పిపోయిన కొడుకు. కథ రాసి, పెట్టుబడి పెట్టి, తీసి, హీరోగా నటించింది జె.సి. డేనియల్. హీరోయిన్ రోజీ. పులయ కులంలో పుట్టి, క్రైస్తవం తీసుకున్న కుటుంబంలో పెరిగింది. గడ్డి కోసి అమ్ముకుని బతికేది. కాక్కారిశి నాటకాల్లో వేషాలు కట్టేది. ఆడవాళ్లు వేదికెక్కడమే తప్పనుకునే కాలంలో ఆ ధైర్యమే ఆమెను సినిమా దాకా తెచ్చింది.

సినిమాలో ఆమె పాత్ర సరోజిని, నాయర్ కుటుంబపు అమ్మాయి. గొడవంతా అక్కడే. మొదటి ఆట తిరువనంతపురంలోని కేపిటల్ థియేటర్‌లో పడింది. 1928 అని కొందరు, 1930 అని కొందరు పరిశోధకులు లెక్కగడతారు. పెద్దలు వచ్చిన ఆ ఆటకు తన సినిమా చూసుకునేందుకు రోజీని లోపలికి రానివ్వలేదు. తెర మీద పులయ స్త్రీ నాయర్ స్త్రీగా కనిపించడం, ఆమె జడలోని పువ్వును హీరో ముద్దాడడం చూసి అగ్రకుల ప్రేక్షకులు తెర మీద రాళ్లు వేశారు. ఆమె గుడిసె తగలబెట్టారు. రోజీ ప్రాణం దక్కించుకుని లారీలో తమిళ ప్రాంతానికి పారిపోయింది. ఆ లారీ డ్రైవర్‌నే పెళ్లాడి, రాజమ్మాళ్ అనే పేరుతో నాగర్‌కోయిల్‌లో బతికిందని ఆమె జీవితాన్ని వెతికినవాళ్లు రాశారు. మళ్లీ ఏ సినిమాలోనూ నటించలేదు. 'విగతకుమారన్' రీలు ఒక్కటి కూడా మిగల్లేదు. డేనియల్ కూడా ఆస్తి పోగొట్టుకుని 1975లో పేదవాడిగానే పోయాడు.

రోజీ ఎలా నటించిందో చెప్పడానికి ఈ రోజు ఎవరి దగ్గరా ఆధారం లేదు. అభిమానులుగా మాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే.

దళిత పాత్ర కావాలి, దళిత నటి వద్దు

ఇప్పుడు మరో రెండు సినిమాలు చూడండి. 1936లో బాంబే టాకీస్ 'అఛూత్ కన్య' వచ్చింది. అంటరాని పిల్ల కస్తూరి పాత్రలో దేవికా రాణి. ఆమె రవీంద్రనాథ్ ఠాగూర్ బంధువర్గపు మనిషి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. మాలపిల్లగా కాంచనమాల. ఆమె కూడా దళిత నటి కాదు. రెండు సినిమాలూ బాగా ఆడాయి. వాటిని తీసినవాళ్లను దేశం మెచ్చుకుంది.

రోజీ కథ పక్కన పెట్టి చూస్తే లెక్క తేలుతుంది. పైకులం స్త్రీ దళిత స్త్రీగా నటిస్తే అది సంస్కరణ, కళ. దళిత స్త్రీ పైకులం స్త్రీగా నటిస్తే అది నేరం.

అలాగని 'మాలపిల్ల'ను పారేయమని మేం అనడం లేదు. మాకు ఆ సినిమా ఇష్టం. కులం గురించి నోరు విప్పడానికే భయపడే రోజుల్లో ఆ పేరు పోస్టరు మీద వేసి ఊరూరా ఆడించడం మామూలు సాహసం కాదు. ఇప్పటికీ ఆ పేరుతో సినిమా తీయాలంటే వెనకాడేవాళ్లు ఎంతమంది? కాంచనమాల ముఖంలో కెమెరా పట్టుకున్న వెలుగు మాకూ నచ్చుతుంది. నచ్చుతూనే అడుగుతాం: మాలపిల్ల జీవితం తెర మీద ఉంది, మాలపిల్ల ఎందుకు లేదు? ఈ ప్రశ్న అడిగినందువల్ల సినిమా మీద మా ఇష్టం తగ్గలేదు.

నల్లజాతి అభిమానులు చూపిన దారి

ఈ విషయంలో మనం అమెరికా నల్లజాతి ప్రజల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. 1915లో గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' నల్లవాళ్లను రాక్షసులుగా, కు క్లక్స్ క్లాన్ హంతకులను వీరులుగా చూపింది. ముఖ్యమైన నల్ల పాత్రలను తెల్లవాళ్లే ముఖానికి మసి పూసుకుని వేశారు. నల్లవాళ్ల సంఘాలు వీధుల్లో, కోర్టుల్లో ఆ సినిమాతో పోరాడాయి. ఇంకోపక్క ఆస్కార్ మీషో అనే నల్లజాతి రచయిత కెమెరా అందుకున్నాడు. 1920లో ఆయన తీసిన 'విదిన్ అవర్ గేట్స్'లో నల్ల టీచరమ్మ బడి కోసం డబ్బు పోగుచేయడానికి తిరుగుతుంది. తెల్ల గుంపు ఒక నల్ల కుటుంబాన్ని ఉరి తీసే దృశ్యాలు కూడా అందులో ఉన్నాయి.

ఆ సినిమా దశాబ్దాల పాటు దొరకలేదు. చివరికి ఒక ప్రింటు స్పెయిన్ ఆర్కైవ్‌లో, వేరే పేరుతో, స్పానిష్ అక్షరాలతో బయటపడింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తెప్పించి, అక్షరాలను తిరిగి ఇంగ్లిషులోకి మార్చి 1993లో బాగుచేసింది. ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. నల్లజాతి సినిమా చరిత్రను పట్టుబట్టి తవ్వినవాళ్లు లేకపోతే ఆ పేరు కోసం వెతికేవాళ్లే ఉండేవారు కాదు.

రోజీని తిరిగి తెచ్చింది ఎవరు?

మన దగ్గర కూడా అదే జరిగింది. డేనియల్‌ను చేలంగాట్ గోపాలకృష్ణన్ అనే సినిమా చరిత్రకారుడు వెలుగులోకి తెచ్చాడు. 1992లో కేరళ ప్రభుత్వం డేనియల్ పేరున అవార్డు పెట్టింది. రోజీ కోసం జర్నలిస్టు కున్నుకుళి ఎస్. మణి వెతికాడు. వినూ అబ్రహాం ఆమె మీద 'నష్ట నాయిక' నవల రాశాడు. 2013లో కమల్ 'సెల్యులాయిడ్' సినిమా తీశాడు. అది ఎక్కువగా డేనియల్ కథే అయినా రోజీ పేరును ఇంటింటికీ చేర్చింది. 2019లో కేరళ సినిమా రంగపు మహిళలు రోజీ పేరుతో ఫిల్మ్ సొసైటీ పెట్టారు. చెన్నైలో పా. రంజిత్ నీలం సంస్థ ఆమె పేరున చిత్రోత్సవం నడుపుతోంది. 2023 ఫిబ్రవరి 10న, ఆమె 120వ పుట్టినరోజున, గూగుల్ తన మొదటి పేజీ మీద ఆమె బొమ్మ పెట్టింది. ఒక్క ఫ్రేమ్ కూడా మిగలని నటికి ఇంత జ్ఞాపకం కట్టింది ఆమెను మరిచిపోమన్నవాళ్ల మాట వినని మనుషులు.

మన తెలుగు నేల మీద ఈ పని ఇంకా మొదలు దశలోనే ఉంది. టూరింగ్ టాకీసుల డేరాలు మోసిందెవరు, ఊరూరా డప్పు కొట్టి ఆట చాటిందెవరు, గుంపు సీన్లలో పేరు లేకుండా నిలబడిందెవరు? ఇవి ఏ సినిమా చరిత్ర పుస్తకంలోనూ వివరంగా దొరకవు. మన ఇళ్లలో దొరుకుతాయి. పాత పాటల పుస్తకాలు, కరపత్రాలు, వేషం కట్టినప్పుడు తీయించుకున్న ఫొటోలు ఉంటే చెదలకు వదిలేయకండి. ఫోనుతో ఫొటో తీసి, తేదీ, ఊరు, అందులోని మనుషుల పేర్లు రాసి పెట్టండి.

వచ్చే ఫిబ్రవరి 10న మీ వాడలో ఒక గోడ చూసుకుని ఒక మూకీ వేయండి. చాప్లిన్ అయినా సరే, మీషో అయినా సరే. ఆట ముందు రోజీ గురించి రెండు మాటలు చెప్పండి. ఆట అయ్యాక అక్కడున్న పెద్దవాళ్లను అడగండి: మీరు చూసిన మొదటి సినిమా ఏది? అప్పుడు మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టారు? నేల మీదా, బెంచీ మీదా? మీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు లేచి వెళ్లారు? వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా రికార్డు చేయండి.