విత్తుపై పన్నా, పంటపై పన్నా? – అమెరికాలోని రాత్ ఖాతా



మొన్నటి సంక్రాంతినాడు మా గ్రామపు పెద్ద యొకరు నా యరుగుమీదికి వచ్చి, అమెరికాలో ఉద్యోగము చేయుచున్న తన కుమారుడు సెల్‌ఫోనులో పంపిన జాబును చూపిరి. ఆ కుమారు డిట్లు వ్రాసినాడు: ‘ఈ సంవత్సరము నా లెక్కలో 20,000 డాలర్ల ఆదాయము పెరిగినది. దానికై 4,400 డాలర్లు పన్ను కట్టవలసి వచ్చినది. నా చేతి కొక్క డాలరును రాలేదు. ఇంటి కప్పునకు సొమ్ము వచ్చే యేడు పంపెదను.’ ఆ పెద్ద చిన్నబోయిన మొగముతో, ‘చేతికి రాని సొమ్ముకు పన్నేమిటి, పంతులుగారూ? వీడు నా దగ్గర ఏదో దాస్తున్నాడు’ అనిరి. ఇట్టి సందేహము మఱికొన్ని యిండ్లలోను కలుగవచ్చును గావున నేడు దీనిని విశదీకరించెదను.

అమెరికా దేశమున ఉద్యోగులు వార్ధక్యమునకై ధనము నిలువచేసికొనుటకు ప్రత్యేకమైన ఖాతాలు కలవు. 1974వ సంవత్సరపు శాసనముచే ఏర్పడిన ఐ.ఆర్.ఏ. యనునది ఎవరికి వారు తెఱచుకొను ఖాతా. 1978వ సంవత్సరపు శాసనమునుండి పుట్టిన ఫోర్ నాట్ వన్ కె యనునది యజమాని ద్వారా నడచునది. ఈ ఖాతాల పాతపద్ధతిలో, వేసిన సొమ్మునకు ఆ సంవత్సరము సామాన్యముగా ఆదాయపు పన్ను ఉండదు. అది పెరుగుచున్నంత కాలమును పన్ను లేదు. ముసలితనమున తీసికొనునపుడు మాత్రము, అసలుకును పెరుగుదలకును కలిపి పన్ను చెల్లింపవలయును.

1997లో మఱియొక శాసనము వచ్చినది. డెలావేర్ రాష్ట్రపు సెనేటు సభ్యుడైన విలియం రాత్ పేర 1998 నుండి రాత్ ఖాతా అమలులోనికి వచ్చినది. ఇందు క్రమము తలక్రిందులు. పన్ను కట్టిన పిమ్మట మిగిలిన సొమ్మునే ఇందు వేయవలయును. ఖాతా మొదలై ఐదేండ్లు గడచి, యజమానికి 59½ ఏండ్లు నిండినచో, తరువాత తీసికొను అసలునకు గాని పెరుగుదలకు గాని కేంద్రప్రభుత్వపు పన్ను లేదు. పాతఖాతాలోని ధనమును ఈ ఖాతాలోనికి త్రిప్పుటయే ఆ కుమారుడు చేసిన పని.

కర్షకులకు దీనిని తెలుపుట సులభము. పాతఖాతా పంటపై పన్ను. రాత్ ఖాతా విత్తుపై పన్ను. ఇందేది మేలు? లెక్క వేసి చూతము. 1,000 డాలర్లు మూడింతలగు ననుకొనుడు. పన్ను నూటికి 22 అనుకొనుడు. పాతఖాతాలో 3,000 డాలర్లగును. అందు 660 పన్ను పోగా 2,340 మిగులును. రాత్ పద్ధతిలో ముందుగనే 220 పోగా 780 మిగిలి, అది మూడింతలై 2,340 అగును. రెండును సమానమే! కావున పన్నురేటు నేడును రేపును ఒక్కటే యైనచో, ముందు కట్టుటచేత లాభమును లేదు, నష్టమును లేదు. నేటి రేటు తక్కువయై రేపటిది ఎక్కువయగునని తోచినపుడు మార్చుట మేలు. నేడు జీతము మిక్కుటమై రేపు ఆదాయము తగ్గునపుడు మార్చకుండుటయే మేలు.

ఇక పన్ను లెక్కించు విధము. మార్చిన మొత్తమును ఆ సంవత్సరపు ఆదాయమునకు కలుపుదురు. చేతికి రాకున్నను ఆదాయముగా కనబడుట కిదియే కారణము. ఆ దేశమున కేంద్రపు పన్ను 10, 12, 22, 24, 32, 35, 37 అను ఏడు మెట్లుగా నున్నది. 2025వ సంవత్సరమున ఒంటరివానికి, తగ్గింపులు పోగా మిగిలిన ఆదాయములో, 48,475 డాలర్లు దాటి 1,03,350 వరకు గల భాగమునకు నూటికి 22. అంతకు పైభాగమునకు 24. పై మెట్టెక్కినంతమాత్రమున ఆదాయమంతటికిని పై రేటు పడునని పలువురు భ్రమపడుదురు. అట్లు కాదు, ఆ మెట్టుమీది భాగమునకే ఆ రేటు. 60,000 డాలర్ల ఆదాయము గలవాడు 20,000 మార్చినచో అదంతయు 22వ మెట్టులోనే యుండును, పన్ను 4,400. అతడే 60,000 మార్చినచో, అందు 43,350కి 22 చొప్పున 9,537, మిగిలిన 16,650కి 24 చొప్పున 3,996, మొత్తము 13,533 డాలర్లగును. కావుననే తెలిసినవారు ఒక్కమాఱుగా గాక, ఏటేట కొంతకొంతగా మెట్టు నిండువఱకే మార్చుదురు. ఉద్యోగము పోయిన యేడు, విరమించిన తొలియేండ్లు ఇందుకు అనుకూలములు. పెక్కు రాష్ట్రములలో రాష్ట్రపు పన్ను కూడ నుండును.

కొన్ని జాగ్రత్తలు చెప్పెదను.

మొదటిది: పన్ను సొమ్మును వేఱు సంచినుండి కట్టవలయును. ఆ ఖాతానుండియే 4,400 తీసి పన్ను కట్టినచో, రాత్ ఖాతాకు చేరునది 15,600 మాత్రమే. 59½ ఏండ్లు నిండనివాడైనచో, ఆ 4,400పై నూటికి 10 చొప్పున మఱి 440 డాలర్లు సామాన్యముగా అదనపు పన్ను పడును.

రెండవది: 2018 మొదలు, ఒకమాఱు మార్చినదానిని మరల వెనుకకు త్రిప్పుటకు వీలులేదు. విడిచిన బాణము వంటిది.

మూడవది: ఐ.ఆర్.ఏ.లలో పన్ను కట్టిన సొమ్మును, కట్టని సొమ్మును కలసియున్నచో, పన్ను కట్టినదానినే ఏరి మార్చుటకు వీలులేదు. లక్ష డాలర్లలో 20,000 పన్ను కట్టినదైనచో, మార్చిన ప్రతి 10,000లో 2,000కే పన్ను లేదు, 8,000కు కలదు. బియ్యములో నూకలు కలసినట్లు.

నాలుగవది: మార్చిన సొమ్మును ఐదేండ్లలోపల, 59½ ఏండ్లు నిండకమునుపు తీసినచో, సామాన్యముగా ఆ నూటికి 10 మరల పడును. త్వరలో కావలసిన ధనమును మార్చరాదు.

ఐదవది: పాతఖాతానుండి, 1951 మొదలు 1959 వఱకు పుట్టినవారు 73వ ఏటినుండియు, తరువాత పుట్టినవారు 75వ ఏటినుండియు ఏటేట కొంత తప్పక తీయవలయును, ఆ భాగమును మార్చుటకు వీలులేదు. యజమాని బ్రతికియున్నంతకాలము రాత్ ఐ.ఆర్.ఏ.కు ఈ నిర్బంధము లేదు.

ఆఱవది: స్వదేశమునకు మరలి రాదలచినవారు రాకమునుపే ఆలోచింపవలయును. భారతదేశమున పూర్తిగా నివాసియైనవానికి విదేశపు ఆదాయముపైని కూడ ఇచ్చటి పన్ను వర్తించును. రెండుదేశముల లెక్కలు తెలిసినవారిని అడిగి చేయుట క్షేమము.

ఇదంతయు విని ఆ పెద్ద కొంతసేపు మాటాడక, ‘అయితే వాడు కట్టింది ముప్పై ఏళ్ల తరువాతి పన్నన్నమాట’ అనిరి. అంతియే. కుమారుడు తండ్రి వద్ద దాచినది సొమ్ము కాదు. తన ముసలితనమునకు విత్తు నిలువచేసికొని, దాని శిస్తు ముందుగా చెల్లించినాడు. ఆ సాయంకాలమే ఆయన కుమారునికి ఫోను చేసి, ఇంటి కప్పు వచ్చే యేడు చూచుకొందమని చెప్పిరి.

పిల్లల లెక్కలు మనకు తెలియనిచోట అనుమానింపక, అడిగి తెలిసికొనుట పెద్దలకు తగిన పని. సెలవు.