పైలట్ నెంబరు ఎంత?

పైలట్లు పని మానేశారన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకటే మాట చెవిన పడుతుంది: "నెలనెలా లక్షలు తీసుకుంటూ ఇంకా ఏం తక్కువైందట వీళ్లకి?" 2024 ఏప్రిల్‌లో విస్తారా విమానాలు రోజూ పదుల సంఖ్యలో రద్దవుతున్నప్పుడు కూడా ఇదే మాట. అప్పుడు ఆ సంస్థ ఎయిరిండియాలో కలిసిపోబోతోంది. నెలకు 70 గంటల జీతానికి ఉన్న హామీని కొత్త ఒప్పందంలో 40 గంటలకు తగ్గించారు. అది జీతం గొడవే, కాదనను. కానీ విమాన సంస్థలు విలీనమైన చోటల్లా జీతం పేచీ ఏదోలా తెగుతుంది. ఏళ్ల తరబడి తెగనిది ఇంకొకటి ఉంది. అదే సీనియారిటీ నెంబరు. ఆ పోరాటం యాజమాన్యంతో కూడా కాదు, పైలట్లకూ పైలట్లకూ మధ్య. ఇది తెలియకుండా వాళ్లను అత్యాశపరులని తిట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అమెరికాలో పెద్ద విమాన సంస్థలో చేరిన ప్రతి పైలట్‌కూ జాబితాలో ఒక స్థానం ఇస్తారు. పైవాళ్లు రిటైరైతే ముందుకు జరుగుతాడు. అంతే తప్ప ఎంత బాగా నడిపినా, ఎంతమంది ప్రాణాలు కాపాడినా ఆ స్థానం మారదు. ఏ ఊళ్లో ఉండి పనిచేయాలి, పెద్ద విమానమా చిన్న విమానమా, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటా, ఫస్ట్ ఆఫీసర్ కూర్చునే కుడి సీటా, పండక్కి సెలవు దొరుకుతుందా, నెలలో ఏ రాత్రులు ఇంట్లో పడుకోవచ్చు, ఇవన్నీ ఆ నెంబరే నిర్ణయిస్తుంది. గంటకు ఎంత జీతమన్నది విమానాన్ని బట్టీ, సీటును బట్టీ ఉంటుంది కాబట్టి, చివరికి జీతం కూడా ఆ నెంబరు చేతిలోనే ఉంది. పనిలేక కొందరిని ఇంటికి పంపాల్సి వస్తే కింది నుంచి మొదలుపెడతారు. ఇదేమీ నచ్చక వేరే సంస్థకు వెళితే అక్కడ అందరికన్నా అడుగున మళ్లీ మొదలు. ఇరవై ఏళ్ల అనుభవానికి అక్కడ విలువ సున్నా.

ఒకే రోజు చేరినవాళ్లలో ఎవరు ముందన్నది కొన్నిచోట్ల పుట్టినతేదీని బట్టి, కొన్నిచోట్ల ప్రభుత్వ గుర్తింపు సంఖ్యలోని చివరి అంకెలను బట్టి తేలుస్తారు. నెంబర్ల మహిమ గురించి మనదగ్గర ఎంత ప్రచారమో తెలుసు కదా. కారు నెంబరు కూడితే ఎంతొస్తుందో లెక్క చూసుకునేవాళ్లూ, పేరులో అక్షరాలు చేర్చుకునేవాళ్లూ లెక్కలేనంత మంది. లుఫ్తాన్సా లాంటి సంస్థ కూడా ప్రయాణికుల భయానికి తలవంచి తన విమానాల్లో పదమూడో వరుసే లేకుండా చేసింది. ఆ అంకెలకు ఎవరి బతుకునూ మార్చే శక్తి లేదు. మనుషులు ఒప్పందం రాసుకుని ఇచ్చిన నెంబరుకు మాత్రం ఆ శక్తి ఉంది. అలాంటిదాన్ని ఏ జ్యోతిష్కుడూ సరిచేయలేడు. కూర్చుని మాట్లాడుకోవాలి, లేదా కోర్టుకు వెళ్లాలి.

ఈ నెంబరు బలం ఎంతో ఒక ఉదాహరణ చెబుతాను. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి ఇంజిన్లు ఆగిపోతే విమానాన్ని హడ్సన్ నదిలో దింపి 155 మందినీ బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ అందరికీ తెలుసు. ఆయన పక్కన కుడి సీట్లో ఉన్న ఫస్ట్ ఆఫీసర్ జెఫ్ స్కైల్స్ ఎవరో చాలామందికి తెలియదు. ఆయనకు పదిహేను వేల గంటలు పైబడిన అనుభవం ఉంది. అందులో సగానికి పైగా కెప్టెన్ హోదాలో నడిపినవే. సంస్థలో చేరి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది. అయినా కుడి సీటే. సంస్థ కుంచించుకుపోయి, జాబితా ముందుకు కాకుండా వెనక్కి కదిలింది మరి. ఆ తర్వాతి నెలలో సల్లెన్‌బర్గర్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకొచ్చి, తన జీతం 40 శాతం కోసేశారనీ, పెన్షన్ రద్దు చేశారనీ చెప్పారు. ఇద్దరూ యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు. నేను చెప్పబోయే తగాదా ఆ సంస్థదే.

2005 సెప్టెంబరులో రెండు సంస్థలు కలిశాయి. ఒకటి తూర్పున వేళ్లూనుకున్న యూఎస్ ఎయిర్‌వేస్. దాని మూలాలు 1939 దాకా వెళతాయి. రెండేళ్ల వ్యవధిలో రెండుసార్లు దివాలా కోర్టు మెట్లెక్కింది. వెయ్యికి పైగా పైలట్లను ఇంటికి పంపింది. పదిహేడేళ్ల సర్వీసున్నవాళ్లు కూడా ఆ పోయినవాళ్లలో ఉన్నారు. రెండోది పశ్చిమాన అరిజోనాలోని అమెరికా వెస్ట్. 1983లో ఎగరడం మొదలుపెట్టిన కుర్ర సంస్థ. విలీనం నాటికి అక్కడ ఇంటి దగ్గర కూర్చున్న పైలట్లెవరూ లేరు సరికదా, విలీనానికి కొద్ది నెలల ముందు కూడా కొత్తవాళ్లను చేర్చుకుంటోంది. ఇప్పుడు తూర్పు, పడమర పైలట్లందరికీ కలిపి ఒకే జాబితా కావాలి. రెండు జాబితాల్నీ ఎలా కలపాలి?

దీన్ని తిరుమలలో పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో రెండు కంపార్ట్‌మెంట్లు అనుకోండి. మొదటిదాని తలుపు ఎప్పుడో గాని తెరవడం లేదు. జనం పదిహేడు గంటలుగా కూర్చుని ఉన్నారు. రెండోదాని లైను చకచకా కదులుతోంది. రెండు గంటల కిందట వచ్చినవాళ్లు కూడా తలుపు దాకా చేరుకున్నారు. ఇంతలో రెండింటినీ కలిపి ఒకే లైను చేస్తామన్నారు. "ముందొచ్చినవాళ్లు ముందు, ఇందులో ఆలోచించడానికేముంది?" అంటారు మొదటి గదివాళ్లు. "మేం తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. మీ గది కదలకపోవడం మా తప్పా? మీరొచ్చి మా ముందు నిలబడితే మాకు దర్శనం రేపటికి పడుతుంది" అంటారు రెండో గదివాళ్లు. ఇద్దరి మాటా న్యాయమే. ఇంకో చిక్కుంది. మొదటి గదిలో జనం ఎక్కువై కొందరిని, "తర్వాత పిలుస్తాం" అని చెప్పి బయటికి పంపేశారు. వాళ్లు పదిహేడు గంటల కిందట వచ్చినవాళ్లే, కానీ ఇప్పుడు లైన్లో లేరు. వాళ్లను ఎక్కడ నిలబెట్టాలి? వచ్చిన సమయం చూసి ముందు పెడితే, లోపల నిలబడి ఉన్నవాళ్లు బయటివాళ్ల కోసం వెనక్కి జరగాలి. చివర పెడితే, వాళ్ల పదిహేడు గంటలూ గంగలో కలిసినట్టే. అసలు మొదటి గదివాళ్లకు ఈ పూట తలుపు తీస్తారో లేదో కూడా అనుమానమే, రెండో గది తలుపు తెరిచి ఉండబట్టే వాళ్లకూ ఆశ పుట్టిందని ఎవరైనా గుర్తుచేస్తే గొడవ ఇంకా ముదురుతుంది. అన్నప్రసాదం ఎంత తక్కువున్నా తలా ఇంత పంచవచ్చు. లైన్లో ముందుండే చోటును మాత్రం పంచలేరు. ఒకరు ముందు నిలబడితే ఇంకొకరు వెనకే.

తూర్పువాళ్లు చేరిన తేదీ చూడాలన్నారు. పడమరవాళ్లు ఎవరి జాబితాలో ఎవరు ఎన్నో వంతులో ఉన్నారో చూసి, ఆ నిష్పత్తిలో కలపాలన్నారు. అప్పటికి రెండు పక్షాలదీ ఒకే యూనియన్, 1931లో పుట్టిన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్. ముందు సంప్రదింపులు, కుదరకపోతే మధ్యవర్తిత్వం, చివరికి అందరూ కట్టుబడాల్సిన తీర్పు అన్నది దాని నిబంధన. తీర్పు చెప్పే బాధ్యత జార్జ్ నికొలావ్ అనే అనుభవజ్ఞుడి మీద పడింది. 2007 మేలో ఆయన జాబితా ప్రకటించాడు. తూర్పున పెద్ద విమానాలు నడిపే సుమారు అయిదువందల మంది సీనియర్లు పైన ఉంటారు, పడమర అలాంటి విమానాలు లేవు కాబట్టి. వాళ్ల కింద రెండు పక్షాలూ నిష్పత్తిలో కలుస్తాయి. ఇంటికి పంపినవాళ్లంతా అట్టడుగున ఉంటారు. అంటే పదిహేడేళ్ల సర్వీసున్న తూర్పు పైలట్, నిన్నగాక మొన్న చేరిన పడమర కుర్రాడి వెనక నిలబడాలి.

తూర్పువాళ్లకు గుండె రగిలిపోయింది. ఆ కోపంలో వాళ్లకొక మెలిక కనిపించింది. ఈ కథలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఈ మెలికనే. కొత్త జాబితా అమల్లోకి రావాలంటే రెండు పక్షాలకూ కలిపి ఒకే వేతన ఒప్పందం కుదరాలని 2005లోనే రాసుకున్నారు. ఒప్పందం లేకపోతే జాబితా లేదు. ఒప్పందాన్ని పైలట్లు ఓటేసి ఆమోదించాలి. ఓట్లలో తూర్పువాళ్లదే మెజారిటీ. ఇంకేముంది, జాబితా రాకుండా చేయడానికి ఒప్పందాన్నే రానివ్వకపోతే సరి. 2008లో వాళ్లు పాత యూనియన్‌ను ఓడించి యూఎస్‌ఏపీఏ అనే సొంత యూనియన్ పెట్టుకున్నారు. చేరిన తేదీయే కొలమానమన్నది దాని మూలసూత్రం. జాబితా ఆగింది. దాంతోపాటు జీతాల పెంపూ ఆగింది. దివాలా రోజుల్లో కోతపడిన జీతాలతోనే తూర్పు పైలట్లు ఏళ్ల తరబడి ఎగిరారు. ఒకే పేరు, ఒకే రంగు విమానాలు, ఒకే యూనిఫారం. అయినా తూర్పు పైలట్ పడమర విమానం ఎక్కి నడపకూడదు, పడమర పైలట్ తూర్పు విమానం నడపకూడదు.

అమెరికాలో ఇంతకాలం సాగదీయడం ఎలా సాధ్యమంటే, అక్కడ విమాన సంస్థల ఒప్పందాలకు గడువు తీరడమన్నది ఉండదు. రైల్వేల కోసం 1926లో చేసిన చట్టాన్ని 1936లో విమానాలకూ వర్తింపజేశారు. దాని ప్రకారం కొత్తది కుదిరేదాకా పాత ఒప్పందమే నడుస్తుంది. ప్రభుత్వ మధ్యవర్తిత్వ మండలి వదిలిపెట్టి, ఆపైన ముప్ఫై రోజులు గడిస్తే తప్ప సమ్మె చేయకూడదు. చవక జీతాలతో పని నడిచిపోతుంటే యాజమాన్యానికి తొందర ఏముంటుంది?

కోర్టు కథ క్లుప్తంగా చెబుతాను. పడమర పైలట్లు సొంత యూనియన్ మీదే దావా వేశారు. 2009లో ఫీనిక్స్ జ్యూరీ వాళ్లకు న్యాయం జరగలేదంది. 2010లో అప్పీలు కోర్టు, ఒప్పందమే కుదరనప్పుడు నష్టం ఏమిటో ఇంకా తేలలేదని ఆ తీర్పును కొట్టేసింది. 2011లో విమానాలు కావాలని ఆలస్యం చేస్తున్నారంటూ సంస్థ యూనియన్ మీద కేసు వేసి షార్లెట్ కోర్టులో గెలిచింది. 2013 డిసెంబరులో యూఎస్ ఎయిర్‌వేస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2015లో అప్పీలు కోర్టు, యూఎస్‌ఏపీఏ పడమరవాళ్ల పట్ల తన బాధ్యత నెరవేర్చలేదని తేల్చింది. ముగ్గురు మధ్యవర్తులు చివరి జాబితా ఇచ్చింది 2016లో. 2005లో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నవాడి నడివయసంతా ఇందులోనే గడిచిపోయింది. మధ్యలో మరో దెబ్బ ఉంది. నికొలావ్ తీర్పు వచ్చిన ఏడాదే, 2007 డిసెంబరులో, అమెరికా ప్రభుత్వం రిటైర్మెంట్ వయసును 60 నుంచి 65కు పెంచింది. పైవాళ్లు దిగిపోతే పైకి జరుగుదామని చూస్తున్న లైను ఇంకో అయిదేళ్లు ఉన్నచోటే నిలిచిపోయింది.

తూర్పువాళ్ల బాధ నిజమైనదే. పదిహేడేళ్ల సర్వీసు లెక్కకు రాకపోవడం చిన్న విషయం కాదు. అయినా నా మాట ఒకటే: తీర్పుకు కట్టుబడతామని ముందే ఒప్పుకుని, అది తమకు వ్యతిరేకంగా వచ్చాక ఓట్ల బలంతో తోసేయడం తప్పు. ఆ తప్పుకు వాళ్లే ఎక్కువ మూల్యం చెల్లించారు. ఇంకో దారి లేదా అంటే, ఉంది. 2008లో డెల్టా, నార్త్‌వెస్ట్ కలిసినప్పుడు పైలట్లు విలీనం పూర్తికాకముందే ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకున్నారు. అక్టోబరు చివర్లో విలీనమైతే డిసెంబరులోనే మధ్యవర్తులు జాబితా ఇచ్చారు. అక్కడా సణుగుడు లేదనను, కానీ పని ఆగలేదు.

అమెరికాకు ఈ తెలివి తేలిగ్గా రాలేదు. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే సంస్థను కొన్నప్పుడు, ఆ సంస్థ విమాన సహాయకులందర్నీ, పైలట్లలో చాలామందినీ జాబితా అడుగుకు చేర్చారు. సెప్టెంబరు 11 దాడుల తర్వాత కోతలు మొదలైతే ముందు రోడ్డున పడింది వాళ్లే. టీడబ్ల్యూఏ కేంద్రం మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్. ఆ రాష్ట్ర సెనేటర్లు మెక్‌కాస్కిల్, బాండ్ ఇద్దరూ కలిసి 2007 డిసెంబరులో చట్టం తెచ్చారు. విలీనంలో జాబితాలను న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తికి వదలాలి అన్నది దాని సారం.

ఇక మన దేశానికి వద్దాం. విలీనాలు మనకు కొత్త కాదు. 1953లో ఎనిమిది సంస్థలు కలిస్తే ఇండియన్ ఎయిర్‌లైన్స్ పుట్టింది. వాటిలో ఒకటి బేగంపేట నుంచి ఎగిరిన మన హైదరాబాదీ దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వానికి అందులో వాటా ఉండేది.   ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను 2007లో ఎయిరిండియాతో కలిపారు. బోర్డు మార్చారు, రంగు మార్చారు, పైలట్ల లెక్క మాత్రం తేల్చలేదు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చినవాళ్లు సమాన జీతం కోసం పది రోజులు సమ్మె చేశారు. మరుసటి ఏడాది పాత ఎయిరిండియా పైలట్ల వంతు. కొత్తగా రాబోయే డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణలో అవతలి పక్షానికి సగం వాటా ఇస్తే తాము కెప్టెన్లు అయ్యేదెప్పుడని 58 రోజులు పనికి రాలేదు. వంద మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. డ్రీమ్‌లైనర్ కోసం ఎందుకంత పట్టు అని అప్పట్లో అందరూ ఈసడించుకున్నారు. అది విమానం మీద మోజు కాదు, లైన్లో చోటు కోసం పోరాటం. ఈ లెక్క తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని నియమించిందే 2011లో, విలీనమైన నాలుగేళ్లకు.

2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసింది. అంతకు నెల ముందు ఒకప్పటి ఎయిరేషియా ఇండియా ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. విమాన సంస్థల విలీనాలకంటూ అమెరికాలో ఉన్నటువంటి ప్రత్యేక చట్టం మనకు ఇప్పటికీ లేదు. ఉమ్మడి జాబితా ఎవరు తయారుచేయాలి, ఎన్ని నెలల్లో చేయాలి, ఒప్పుకోనివాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరి మాట ఆఖరు అన్న నాలుగు విషయాలైనా విలీనానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే రాయించాలి. అవి లేని కాగితం మీద ప్రభుత్వం సంతకం పెట్టకూడదు.